చేపను స్పృహ తప్పించి చంపిన మాంసము గట్టిగా నిలుచును

చేప చచ్చుటలో మంచి చావు, చెడ్డ చావు అని రెండున్నవా అని మీరు నవ్వవచ్చును. కోడిని కోయునప్పుడు, మేకను కోయునప్పుడు కత్తి పదును చూచుకొను మనమే చేపను మాత్రము గట్టుమీద వైచి, దాని పాటికది చచ్చునులే యని ఊరకుందుము. అది అరవదు. రక్తము చిమ్మదు. అందుచేత దాని కేమియు కష్టము లేదని తోచును. కాని గట్టుమీద, బుట్టలో, ట్రేలో అది కొట్టుకొనుచున్న ప్రతి నిమిషమును మీ సరుకునుండి కొంత తీసికొని పోవుచున్నది.

నేను వ్యవసాయ పట్టభద్రుడను. చేపల విషయము మత్స్యశాఖ వారిది గదా, నీకెందుకని అడుగవచ్చును. మా మండలములో వరి చేలు చెరువులుగా మారిన తరువాత నన్ను పురుగుమందు గూర్చి అడుగువారికంటె చేప మెత్తబడుట గూర్చి అడుగువారే ఎక్కువైరి. తెలిసికొనక తప్పినది కాదు.

కొల్లేటి చుట్టుపట్ల, కైకలూరు, ఆకివీడు, భీమవరము ప్రాంతములలో చెరువుపట్టు చూచినవారికి ఈ సంగతి క్రొత్త గాదు. తెల్లవారుజామున వల దింపుదురు. కూలీలు రెండు కొసలు పట్టి లాగుకొని వచ్చి చేప నంతటిని ఒక మూలకు చేర్తురు. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు ఒకదానిమీద నొకటి మూగి, నీరు ఉడుకుచున్నట్లు కనబడును. అక్కడనుండి బుట్టలకెత్తి, కాటా వేసి, ట్రేలలో ఐసుతో సర్ది, లారీ కెక్కింతురు. ఆ లారీ హౌరాకో అస్సామునకో పోవలెను. ట్రేలో అడుగున పడిన చేప మొప్పలాడించుచునే యుండగా దానిపై మరియొక వరుస చేప, మరియొక పొర ఐసు పడును. పాకెటు కట్టిన తరువాత కూడ లోపల తోక కొట్టుకొను చప్పుడు వినబడుట మీలో చాలమంది ఎరుగుదురు.

మన కార్పు జాతి చేపలు ప్రాణవాయువు తక్కువైనను ఓర్చుకొనగలవు. అందుచేతనే చెరువులలో అవి మనకు లాభసాటియైనవి. ఆ ఓర్పే చచ్చునప్పుడు వాటి పాలిటి శాపమగుచున్నది. నీటినుండి తీసిన వెంటనే చావవు. తడియున్నంతసేపు చాల కాలము ప్రాణముతో నుండగలవు. కొరమీను సంగతి చెప్పనే అక్కరలేదు. అది గాలిని నేరుగా పీల్చగలదు. ఒంటి తడి ఆరకున్న గంటల తరబడి బ్రతుకును.

ఇక ఆ పెనుగులాటలో మాంసమున కేమి జరుగునో చూతము. చేప కండలో గ్లైకోజెన్ అను పిండిపదార్థము కొంత నిల్వ యుండును. దానినుండి ఏ.టి.పి. అను శక్తి పదార్థము తయారగును. కండ ముడుచుకొనుటకు, మరల సడలుటకు కూడ ఈ ఏ.టి.పి.యే కావలెను. దానిని రైతు చేతి రొక్క మనుకొనుడు. నీటిలో నెమ్మదిగా ఈదు చేప ఈ రొక్కమును మెల్లగా వాడుకొనుచు, ఊపిరితో వచ్చు ప్రాణవాయువుచేత మరల సంపాదించుకొనును. వలలో నలిగి, గట్టుపై తన్నుకొను చేపకు ఖర్చే గాని రాబడి లేదు. ప్రాణవాయువు లేకయే పిండిపదార్థమును కరగించుకొనవలసి వచ్చును. అట్లు చేయగా కండలో లాక్టికామ్లము పేరుకొనును.

మట్టిపరీక్ష కార్డులో మీరు చూచు పి.హెచ్. అంకె చేప మాంసమునకు కూడ ఉన్నది. బ్రతికి నెమ్మదిగా నున్న చేప కండలో అది ఇంచుమించు 7, కొంచెము పైన కూడ ఉండును. చచ్చిన పిదప ఏ చేపకైనను అది తగ్గును. తేడా యెక్కడనగా, నెమ్మదిగా నుండి ఒక్క దెబ్బతో చచ్చిన చేపలో అది గంటల మీద మెల్లగా దిగును. కొట్టుకొని చచ్చిన చేపలో ఒళ్లు వెచ్చగా నుండగానే వేగముగా పడిపోవును. వెచ్చదనము, పులుపు రెండును ఒకేసారి కలిసినచో మాంసకృత్తులు చెడి, నీటిని పట్టియుంచు శక్తి తగ్గును. కోసిన ముక్కనుండి నీరు కారును. ముక్క మెత్తబడును.

రెండవ సంగతి బిగిసిపోవుట. చచ్చిన చేప కొంతసేపు మెత్తగా వ్రేలాడి, తరువాత కట్టెవలె బిగిసి, ఆపైన మరల సడలును. కండ సడలుటకు కావలసిన ఏ.టి.పి. అయిపోవుటచేతనే బిగిసిపోవుట కలుగును. రొక్కము మిగిల్చుకొని చచ్చిన చేప ఆలస్యముగా బిగియును. అంతయు ఖర్చు చేసికొని చచ్చిన చేప త్వరగాను, గట్టిగాను బిగియును. అట్లు బలముగా బిగిసినప్పుడు కండపొరల నంటియుంచు సన్నని పొరలు తెగి, ముక్కలో చీలికలు పడును. కూరలో వేయగనే ముక్క పొరలు పొరలుగా విడిపోవుటకు ఒక కారణ మిదియే. వంటచేసిన ఇల్లాలిని అనవసరముగా నిందింపకుడు.

రుచి కూడ ఈ లెక్కలోనిదే. ఏ.టి.పి. విరిగి మెట్టుమెట్టుగా దిగుచు మొదట ఐ.ఎం.పి. అను పదార్థమగును. తాజా చేపకు కమ్మదనము నిచ్చు వానిలో ఇది ముఖ్యమైనది. అదియు విరిగి, చివరకు హైపోజాంథిన్ అను కొంచెము చేదు పదార్థముగా మారును. చేప యెంత తాజాయో కొలుచుటకు శాస్త్రజ్ఞులు ఈ మెట్ల లెక్కనే వాడుదురు. పెనుగులాడిన చేప చచ్చుటకు ముందే కొన్ని మెట్లు దిగియుండును. నరికిన చెరకును గానుగ కాడకు ఆలస్యముగా చేర్చిన రసములో చక్కెర తగ్గునని మీకు తెలియును గదా. చెరకు మాట మన మెవ్వరము సందేహింపము. చేప మాటకు వచ్చుసరికి నమ్మము.

నమ్మక యుండుట మంచిదే. మీరే పరీక్షించి చూడుడు. ఒకే వలలోని ఒకే బరువు శీలావతులు రెండు తీసికొనుడు. ఒకదానిని నీటినుండి తీసిన వెంటనే నేను క్రింద చెప్పబోవు విధముగా తలపై కొట్టి చంపుడు. రెండవది మీ బుట్టలో ఎటులను తన్నుకొని చచ్చినదే తీయుడు. పరీక్ష కొరకు ప్రత్యేకముగా మరియొకదానిని బాధింప నక్కరలేదు. గుర్తుకు ఒకదాని రెక్క కొంచెము కత్తిరించి, రెంటిని ఒకే ట్రేలో ఐసులో ఉంచుడు. గంటకొకసారి తీసి, బల్ల అంచున సగము ఒడలు బల్లపై, తోకవైపు సగము గాలిలో నుండునట్లు పెట్టి చూడుడు. తోక క్రిందికి వ్రాలినచో ఇంకను బిగియలేదు. తిన్నగా నిలిచినచో బిగిసినది. ప్రయోగశాలలలో కూడ బిగుసుదనమును ఈ రీతినే కొలుచుదురు. వారు వ్రాలిన తోక దూరమును సెంటీమీటర్ల లెక్కన వ్రాసికొందురు, అంతే తేడా. ఏది ముందు తిన్నగా నిలిచెనో వ్రాసి పెట్టుకొనుడు. మరునాడు రెంటిని కోసి, మాంసపు రంగు చూడుడు, వ్రేలితో నొక్కి చూడుడు, పొరల మధ్య చీలికలు వెదకుడు.

ఇక విధానము. బరువైన కొయ్య ఒకటి, మూరెడు పొడవున, చేతికి పట్టు దొరకునట్లు చెక్కించుకొనుడు. పాత రోకలి ముక్క యైనను చాలును. చేప మెదడు చాల చిన్నది. తల పైభాగమున, రెండు కండ్లకు కొంచెము వెనుకగా, నడిమిగీతపై పుర్రె క్రింద నుండును. చేపను తడి గోనెపై బోర్లగా నిలిపి, ఒక చేతితో గట్టిగా పట్టి, ఆ చోట ఒకే దెబ్బ, బలముగా వేయవలెను. సగము బలముతో మూడు నాలుగు దెబ్బలు వేయుట చేపకు హింస, మీకు నష్టము. తల చిదికి రక్తము గడ్డకట్టును, స్పృహ మాత్రము పోదు. బొచ్చె తల పెద్దదిగదా యని ముట్టెవైపు కొట్టువారున్నారు. అక్కడ మెదడు లేదు.

దెబ్బ సరిగా తగిలినదో లేదో తెలిసికొనవలెను. మొప్పమూతలు లయగా ఆడుట వెంటనే ఆగిపోవలెను. చేపను చేతిలో ప్రక్కకు, మరల ఇటు ప్రక్కకు వంచి కంటిని చూడుడు. స్పృహయున్న చేప కన్ను, మీరు ఒడలు వంచినను తాను నేలకు సమముగా నుండుటకై గుంటలో తిరుగును. స్పృహ తప్పిన చేప కన్ను కదలక తలతోబాటే వంగును. అరనిమిషము పని. ఒకటి రెండు దినములు చూచిన కూలీ కండ్లకు ఇది అలవాటగును. తోక ఒకటి రెండుసార్లు వణకినంత మాత్రమున భయపడ నక్కరలేదు. వెన్నుపామునుండి వచ్చు కదలిక అది.

కన్ను నిలిచిన వెంటనే పదునైన కత్తితో మొప్పల మూలములు కోసి, చల్లని శుభ్రమైన నీటిలో కొన్ని నిమిషములు ఉంచిన రక్తము దిగిపోవును. మాంసము తెల్లగా నుండును, నీచువాసన తగ్గును. వరుస తప్పరాదు: ముందు దెబ్బ, తరువాత కోత. స్పృహయున్న చేప మొప్పలు కోసినచో అది నిమిషముల తరబడి బాధపడి కొట్టుకొనును. మీరు తప్పింపగోరిన పెనుగులాటయే మరల వచ్చి చేరును.

జపాను దేశమున మత్స్యకారులు ఇంకను ముందుకు పోయిరి. ఇకెజిమె అను వారి పద్ధతిలో మెదడులో మేకు దింపి స్పృహ పోగొట్టి, రక్తము దింపి, వెన్నెముక వెంట సన్నని తీగను పోనిచ్చి వెన్నుపామును నశింపజేయుదురు. అప్పుడు ఆ చివరి వణకు కూడ ఉండదు. బిగిసిపోవుట మరింత ఆలస్యమగును. పచ్చిగా తిను చేపకు అక్కడ ఇట్లు చంపిన సరుకునకు ఎక్కువ ధర పలుకును. మనది పులుసు చేప; తీగ వరకు పోనక్కరలేదని నా యభిప్రాయము. మన బంగారుతీగ చేపనే చెక్ దేశమువారు, పోలండు వారు క్రిస్మసు పండుగకు వండుకొందురు. అక్కడ తలపై దెబ్బయే వాడుక. జర్మనీలో చేపను చంపుటకు ముందు స్పృహ తప్పింపవలెనని చట్టమే యున్నది.

ఈ మాట ఒక చెరువుగట్టున చెప్పుచుండగా, పట్టు చేయించుచున్న పెద్దాయన ఒకరు వల వంక చూపి, "ఏమండీ ఆఫీసరుగారూ, టన్నుల లెక్కన ఎత్తేవాళ్లమండి. ఒక్కోదాని నెత్తినా కొడుతూ కూర్చుంటే ఎండెక్కిపోదటండీ? ఆ ఎండలో మిగిలిన చేప ఏమైపోద్దండి?" అని యడిగిరి. ఆయన ప్రశ్నలో న్యాయమున్నది. లారీ సరుకుకు కర్రదెబ్బ కుదరదు. కుదురునని నేను చెప్పినచో మీరు ఈ పత్రికను మడిచి ప్రక్కన పెట్టుదురు.

పెద్ద పట్టులకు పై దేశములలో యంత్రములున్నవి. కొన్ని యంత్రములు చేపను వరుసగా నడిపించి తలపై కొట్టును. కొన్ని విద్యుత్తును తల గుండ పంపి స్పృహ తప్పించును. విద్యుత్తు లెక్క తప్పినచో వెన్నెముక విరుగును, మాంసములో రక్తపు చుక్కలు పడును. చేప మరల తేరుకొనవచ్చును గనుక వెంటనే కోయవలెను. ఇక్కడ ఒక హెచ్చరిక. ఎవ్వరును, ఎట్టి పరిస్థితిలోను, మోటారు స్తంభమునుండి తీగ లాగి నీటిలో వేయరాదు. 230 వోల్టులు వలలోని చేపకు, వల పట్టిన మనిషికి భేదము చూడవు. నీటిలోనికి బొగ్గుపులుసు వాయువు వదలుట మరియొక పద్ధతి. ఆ నీరు ఆమ్లమై, చేప స్పృహ తప్పుటకు ముందు ఘోరముగా తన్నుకొనును. నార్వేలో సాల్మన్ చేపకు ఈ పద్ధతిని మాన్పించిరి. మందు కలిపి మత్తు గొలుపుట అమ్మకపు చేపకు నేను సలహా ఇయ్యను. మందు మాంసములో నిలుచును.

బ్రతికిన చేపను ఐసులో వేసిన హాయిగా నిద్రపోవునని కొందరి నమ్మకము. మన చెరువు చేప 28, 30 డిగ్రీల నీటిలో పెరిగినది. ఐసులో దాని కదలిక మందగించును, నిజమే. కదలక పోయినంత మాత్రమున స్పృహ పోయినదని చెప్పుటకు వీలులేదు. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ నీటి జంతువులకై వ్రాసిన నియమావళిలో పెంచిన చేపలను స్పృహ తప్పించి చంపుట గూర్చి ప్రత్యేకముగా ఒక అధ్యాయమున్నది. నీటినుండి తీసి ఊపిరాడక చావనిచ్చుట, బ్రతికిన చేపను ఐసుతో చల్లబరచి చంపుట మంచి పద్ధతులు గావని అందులో చెప్పబడినది.

మరి ఆ పెద్దాయనకు నేనేమి చెప్పితిని? లారీ సరుకులో చేప పడు పెనుగులాటలో పెద్ద భాగము వలలోనే జరుగుచున్నది. అక్కడ తగ్గింపుడని చెప్పితిని. పట్టుకు ఒక దినము ముందుగా మేత ఆపుడు. కడుపు ఖాళీగా నున్న చేపకు ప్రాణవాయువు తక్కువ చాలును. దారిలో పొట్ట పగులుట కూడ తగ్గును. చెరువు చేప నంతటిని ఒకేసారి మూలకు నెట్టక, కాటాకు, ట్రేలకు అందినంతే వలలో బిగించి, మిగిలినదానిని వెడల్పుగా వదలి యుంచుడు. తెల్లవారుజామున చల్లగా నుండుట మంచిదే. అయితే చెరువునీటిలో ప్రాణవాయువు రాత్రంతయు తగ్గుచు వచ్చి, సూర్యోదయమునకు ముందే మిక్కిలి తక్కువగా నుండును. సరిగా ఆ వేళకే మనము వల బిగింతుము! అందుచేత పట్టు మూలకు దగ్గరగా ఏరేటరు ఒకటి తిప్పుటయో, ఇంజనుతో మంచి నీరు విడుచుటయో చేయవలెను. ఏరేటరున్న రైతులు కూడ పట్టునాడు కరెంటు దండుగని ఆపివేయుట చూచితిని. ఇది మాత్రము నాకు బొత్తిగా అర్థము గాని పొదుపు.

ఐసు లెక్క కూడ చెప్పెదను. 30 డిగ్రీల వెచ్చదనమున్న 100 కిలోల చేపను సున్న డిగ్రీకి దింపుటకే సుమారు 30 కిలోల ఐసు కరగిపోవును. లారీపై పడు ఎండకు, దారిలో గడచు దినములకు వేరే కావలెను. కావుననే చేప యెంతో ఐసు అంత అన్న వాడుక ఏర్పడినది. ఇందులో పిసినారితనము పనికిరాదు. దెబ్బతో చంపిన చేప గట్టిదనము మొదటి రెండు మూడు దినములలో బాగుగా తెలియును. అటుపైన ఐసు, శుభ్రతలదే పెత్తనము. ఐసు చాలని చేపను ఎంత చక్కగా చంపినను నిలువదు.

మెత్తబడిన చేపను గట్టిగా చూపుటకు అడ్డదారి త్రొక్కినవారివలన ఏమి జరిగినదో మీరు మరచియుండరు. చేపలలో ఫార్మలిన్ కనబడెనని 2018 జూలైలో అస్సాము ప్రభుత్వము ఆంధ్రప్రదేశ్ నుండి వచ్చు చేపలను పది దినములు నిలిపివేసినది. ఏ చెరువులో ఎవరు పట్టిన చేప యని అక్కడి కొనుగోలుదారుడు అడుగలేదు. మొత్తము ఆంధ్రా చేపనే అనుమానించెను. మందు ముట్టని రైతు కూడ ఆ పది దినముల నష్టము భరించవలసి వచ్చినది.

కర్రదెబ్బకు నిజమైన చోటు చిన్న అమ్మకములలో నున్నది. గట్టున కిలో రెండు కిలోలు కొనుక్కుపోవు వారికి, ఊరి సంతలో పెట్టు బుట్టకు, పండుగలకు పెండ్లిండ్లకు పంపు సరుకుకు, తొట్టిలో బ్రతికిన చేప నుంచి అమ్ము దుకాణములకు ఇది ఈనాడే చేయదగిన పని. కొరమీను విషయములో తప్పక చేయవలెను. దానిని బ్రతికియుండగానే బూడిద రాచి, పొలుసు గీకి, తోకవైపునుండి కోయుచున్నారు. జిగురుకు జారుననియే బూడిద. తల గట్టిదని దెబ్బ మానివేయుట. దెబ్బ కొంచెము బలముగా పడవలెను, అంతే. పడిన తరువాత అది జారదు, చేతిని కొట్టదు. పొలుసు కూడ తేలికగా వచ్చును. పంచాయతీ సంతలను చూచు గ్రామాధికారులు చేపలు కోయు చప్టాపై ఒక కొయ్యను, చేతులు కడుగుకొను కుళాయిని ఏర్పాటు చేయించినచో ఖర్చు నూటికి మించదు, కుళాయి మాట ఎట్లున్నను.

ఆ పెద్దాయన ఆనాడు నాతో మరేమియు అనలేదు. లారీ వెళ్లిన తరువాత తన ఇంటికని విడిగా తీసిన రెండు శీలావతులను గట్టుమీద వదలక, కాటా దగ్గరి సుత్తి పిడితో ఒక్కొక్క దెబ్బ వేసి, కన్ను చూచి, "తిరగటం లేదండీ" అనిరి. బల్ల పరీక్ష మీ యూరిలో చేసి చూచినవారు బిగిసిన వేళలను కాగితముపై వ్రాసి, మీ సమీపపు మత్స్యశాఖ కార్యాలయమునందో, మా కార్యాలయమునందో అందజేయుడు. చేప జాతి, బరువు, వల దింపిన గంట, ఐసులో నుంచిన గంట వేరువేరుగా వ్రాయుట మరువకుడు.